ప్లగ్ వైర్లు మార్చాక మిస్సింగ్ కొడుతున్న మారుతి జెన్ కారు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, నల్లగొండ నుంచి మామ ఆశీర్వదించి రాయునది.

అక్క ఫోనులో అంతా చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలు చూశాను, ఇంజను చప్పుడు రెండుమూడు సార్లు విన్నాను. వడ్ల బస్తాల పక్కన నిలిపిన కారులో ఎలుకలు దూరి ప్లగ్ వైర్లు కొరికాయని, నువ్వే కొత్త సెట్టు తెచ్చి వేశావని, వేసిన గంట నుంచి స్లోలో, అంటే ఎక్సలేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, ఇంజను వణుకుతోందని, ఎక్సలేటర్ తొక్కితే సైలెన్సర్‌లో ఠప్పుమంటోందని అర్థమైంది. కార్బొరేటర్ విప్పించమని ఒకరు, పెట్రోలు పంపు మార్చమని ఇంకొకరు చెబుతున్నారట. ఇప్పుడే వాటి జోలికి పోవద్దు. మొన్నటిదాకా బాగా నడిచిన ఇంజను వైర్లు మార్చాకే మొరాయించింది కాబట్టి, తప్పు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాపుకూ ప్లగ్గులకూ మధ్యన గానీ, ఆ పని చేస్తుండగా నీ మోచేయి తగిలిన చోట గానీ ఉంటుంది. నలభై ఏళ్లుగా నా దగ్గరికి ఇలాంటి బండి వచ్చినప్పుడల్లా ముందు అక్కడే వెతికాను.

ఒక మాట ముందే చెబుతున్నాను. బాగు చేయించడానికని ఆ కారును మిర్యాలగూడ నుంచి ఇక్కడిదాకా నడుపుకుంటూ రావద్దు. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కింద ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అలా కొంత దూరం పోయిందంటే వైర్ల ఖర్చుతో తీరే పని ఇంజను పనిదాకా పోతుంది.

ఇంజను చల్లారాక బానెట్ ఎత్తి, ముందు వైర్ల వరుస చూడు. మీ జెన్‌కు నాలుగు సిలిండర్లు, టైమింగ్ బెల్టు వైపున ఉన్నది ఒకటోది. నిప్పురవ్వ మాత్రం ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పడదు. 1-3-4-2 అనే వరుసలో పడుతుంది. క్యాపులో ఒకటో వైరు ఉన్న చోటు నుంచి, దాని లోపల తిరుగుతూ ఒక్కో వైరుకు కరెంటు అందించే రోటర్ తిరిగే దిక్కుగా లెక్కపెడితే, తర్వాతిది మూడో సిలిండర్‌కు, ఆ తర్వాతిది నాలుగుకు, చివరిది రెండుకు పోవాలి. రోటర్ అన్ని బండ్లలో ఒకే వైపు తిరగదు కాబట్టి ఎవరో చెప్పారని నమ్మవద్దు. క్యాపు తీసి, కరెంటును వేల ఓల్టులకు పెంచే కాయిల్ నుంచి వచ్చే నడిమి వైరును ఇంజను ఇనుముకు గట్టిగా ఎర్త్ చేసి, ఒకరిని ఒక్క క్షణం సెల్ఫ్ కొట్టమని, నీ కళ్లతో చూసుకో. వరుస మొత్తం తప్పితే ఇంజను అసలు పట్టుకోదు. రెండు వైర్లు మాత్రం ఒకదాని చోట ఒకటి పడితే, మిగిలిన రెండు సిలిండర్లతో వణుక్కుంటూ నడుస్తుంది, సైలెన్సర్‌లో పేలుతుంది. నువ్వు చెప్పిన లక్షణం దీనికి బాగా దగ్గరగా ఉంది.

ఒకటో వైరు చోటు మీదే నీకు అనుమానం ఉంటే, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒకటో ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు ఆనించు. పానాతో క్రాంక్ పుల్లీని ఇంజను తిరిగే వైపే మెల్లగా తిప్పు. గాలి నీ వేలిని నెట్టడం మొదలైనప్పటి నుంచి ఇంకా తిప్పి, పుల్లీ మీది గీతను సున్నా గుర్తుకు తీసుకురా. అప్పుడు రోటర్ మొన క్యాపులో దేని ఎదుట నిలుస్తుందో అదే ఒకటో చోటు.

వరుస సరిగ్గానే ఉంటే, వైర్ల కొసలు చూడు. కొత్త వైరు రబ్బరు టోపీ బిగుతుగా ఉంటుంది. లోపల చిక్కుకున్న గాలి, నువ్వు చెయ్యి తీయగానే, వైరును వెనక్కి నెడుతుంది. పైకి కూర్చున్నట్టే కనిపిస్తుంది గానీ లోపలి ఇత్తడి ముక్క ప్లగ్గు తలను పట్టుకుని ఉండదు. టోపీ అంచును వేలితో కొద్దిగా ఎత్తి గాలి పోనిచ్చి నొక్కితే, టక్కుమనే చిన్న చప్పుడు వేలికే తెలుస్తుంది. ఆ టక్కు రానిదే పని అయినట్టు కాదు. క్యాపు వైపు కూడా ఇంతే. పాత వైర్లు లాగేటప్పుడు ప్లగ్గు పింగాణీ మీద సన్నని పగులు పడిందేమో, క్యాపు లోపల పచ్చని చిలుము గానీ, వెంట్రుక వంటి నల్లని గీత గానీ ఉందేమో వెలుతురులో చూడు. నల్లగీత ఉంటే కరెంటు ఆ దారినే పారిపోతుంది, అప్పుడు క్యాపు మార్చవలసిందే. ఎలుక వైర్లతోనే ఊరుకుంటుందని కూడా అనుకోవద్దు. కార్బొరేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి బ్రేకు బూస్టర్‌కు పోయే వాక్యూమ్ పైపులను ఆ కొస నుంచి ఈ కొస దాకా వేళ్లతో తడిమి చూడు. ఎక్కడైనా చిల్లి ఉన్నా, ఊడి ఉన్నా స్లోలో బుస్సుమని వినిపిస్తుంది, వణుకూ అచ్చంగా ఇలాగే ఉంటుంది.

వైర్లు ఒకదానికొకటి ఆనుకుని పోకుండా చూడమని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ఈ తప్పు నేను చేశాను. పని నేర్చుకున్న కొత్తలో ఒక అంబాసడర్‌కు కొత్త వైర్లు వేసి, చూడ ముచ్చటగా ఉండాలని నాలుగింటినీ కట్టగా పట్టి నల్ల టేపు చుట్టాను. నల్లగొండలో బాగానే నడిచిన ఆ బండి దేవరకొండ దారిలో, మనుషులతో నిండి ఎత్తు ఎక్కేటప్పుడు, లోపలి నుంచి ఎవరో సుత్తితో కొట్టినట్టు కొట్టుకుని ఆగిపోయింది. ముసలివాళ్లు ఎండలో రోడ్డు పక్కన కూర్చోవలసి వచ్చింది. ఆ వైర్లలో వేల ఓల్టుల కరెంటు పోతుంది. 1-3-4-2 వరుసలో మూడు తర్వాత నాలుగు, రెండు తర్వాత ఒకటి వస్తాయి, ఆ జతల సిలిండర్లు పక్కపక్కనే ఉంటాయి. మూడులో నిప్పు పడే క్షణానికి నాలుగో సిలిండర్ పెట్రోలూ గాలీ నింపుకుని అప్పుడే నొక్కడం మొదలుపెడుతుంది. మూడో వైరు ప్రభావం పక్కనున్న నాలుగో వైరు మీద పడితే, అక్కడ కాలం కాని కాలంలో నిప్పు పుడుతుంది. కాబట్టి మూడు, నాలుగు వైర్లనూ, ఒకటి, రెండు వైర్లనూ క్లిప్పులలో ఎడంగా పోనివ్వు. తప్పనిసరైతే అడ్డంగా దాటించు, జోడుగా మాత్రం పడుకోబెట్టవద్దు.

ఇన్ని చూసినా వణుకు పోకపోతే, రాత్రి పూట కారును ఆరుబయట నిలిపి, దీపాలు ఆర్పి, ఇంజను నడుస్తుండగా వైర్ల వైపు చూడు. కరెంటు కారుతున్న చోట నీలి మెరుపు కనబడుతుంది. అప్పుడు చేయి పెట్టవద్దు, కండువా వంటిది మెడలో ఉంచుకోవద్దు.

ఆఖరుగా సిలిండర్లను ఒక్కొక్కటిగా పరీక్షించు. ఇంజను ఆపి, ఒక వైరు తీసి, దాని కొసకు ఒక పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుప భాగం ఇంజనుకు ఆనేలా తీగతో గట్టిగా కట్టి, అప్పుడు స్టార్ట్ చేసి కొద్దిసేపు విను. వైరును గాలిలో వదిలేస్తే కాయిల్ చెడిపోవచ్చు. తీయగానే వణుకు ఎక్కువైతే ఆ సిలిండర్ అంతవరకు పని చేస్తున్నట్టు. ఏ తేడా లేకపోతే చచ్చింది అదే. చచ్చిన సిలిండర్ వైరును, పొడవు సరిపోయే పక్క వైరుతో రెండు కొసలూ విప్పి మార్చి వెయ్యి, వరుస మాత్రం తప్పనివ్వకు. జబ్బు వైరుతో పాటు వెళితే వైరే చెడ్డది, కొత్తదైనా సరే. మల్టీమీటర్ ఉంటే ఆ వైరును మిగతా మూడింటితో పోల్చి కొలువు, కార్బన్ వైరుకు మీటరు పొడవుకు సాధారణంగా 10 నుంచి 20 కిలో ఓమ్‌ల మధ్య వస్తుంది, మీటరు ముల్లు కదలకపోతే లోపల తెగినట్టే. జబ్బు అక్కడే ఉండిపోతే ప్లగ్గులను అటూ ఇటూ మార్చి చూడు.

ఇది ఒక పూట పని. ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే మొదలుపెట్టు, ఏ వైరు తీసినప్పుడు చప్పుడు మారలేదో ఆ నంబరును, విప్పిన నాలుగు ప్లగ్గుల ఫొటోను వరుస చెదరకుండా నాకు పంపు. నేను అక్కడికి బయలుదేరే ముందు ఏ సామాను తేవాలో దాన్ని బట్టి చూసుకుంటాను.

ఇట్లు,
మీ మామ