కనెక్ట్ అవుతుంది కానీ ఐడీఎన్‌కు టైమ్‌అవుట్: న్యూలైన్ పెట్టారా?

మీ ఆసిలోస్కోప్‌తో నెట్‌వర్క్ సాకెట్ (కనెక్షన్) తెరుచుకుంటోంది, ఐడీఎన్ క్వెరీకి (నువ్వెవరని పరికరాన్ని అడిగే కమాండ్) మాత్రం 2 సెకన్లకు టైమ్‌అవుట్ వస్తోంది అన్నారు. అంటే ఐపీ అడ్రస్, కేబుల్ బాగానే ఉన్నట్టు. జవాబు బహుశా వస్తూనే ఉంది, అది ఎక్కడ ముగిసిందో పైవీసాకు (కొలత పరికరాలతో మాట్లాడే పైథాన్ లైబ్రరీ) తెలియడం లేదు.

యూఎస్‌బీలో సందేశం అయిపోయిందని చెప్పే గుర్తు ప్రోటోకాల్‌లోనే ఉంటుంది. మీరు వాడే 5025 పోర్టు రా సాకెట్‌లో అదేమీ ఉండదు, వట్టి బైట్ల ప్రవాహం. అందుకే యూఎస్‌బీలో నడిచిన స్క్రిప్టే ఇక్కడ మొండికేస్తుంది.

1. రిసోర్స్ (పరికరంతో కనెక్షన్) తెరిచిన వెంటనే రీడ్ టెర్మినేషన్‌ను, అంటే జవాబు ముగిసిందని చెప్పే గుర్తును, న్యూలైన్‌గా (బ్యాక్‌స్లాష్ ఎన్) సెట్ చేయండి. దాదాపు అందరూ మర్చిపోయేది ఇదే.

2. రైట్ టెర్మినేషన్‌కు (మనం పంపే కమాండ్ చివర చేరే గుర్తు) కూడా న్యూలైనే ఇవ్వండి. వదిలేస్తే పైవీసా దాని ముందు క్యారేజ్ రిటర్న్ (బ్యాక్‌స్లాష్ ఆర్) కూడా కలిపి పంపుతుంది, కొన్ని పరికరాలకు అది గిట్టదు.

3. ఈ రెండూ క్వెరీ కంటే ముందు లైన్లలో ఉండాలి. ఆ తర్వాత మళ్లీ ఐడీఎన్ పంపి చూడండి.

టైమ్‌అవుట్ పెంచి లాభం లేదు. నేను 10 సెకన్లు, 30 సెకన్లు అంటూ ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

వేవ్‌ఫార్మ్ తెచ్చుకునేటప్పుడు మామూలు రీడ్ వాడకండి. బైనరీ డేటాలో 10 విలువ ఉన్న బైట్ తగిలితే అదే న్యూలైన్ అనుకుని మధ్యలో ఆగిపోతుంది. దానికి పైవీసాలో క్వెరీ బైనరీ వాల్యూస్ అనే ఫంక్షన్ ఉంది, డేటా మొదట్లో వచ్చే బ్లాక్ హెడర్‌లో రాసి ఉన్న పొడవు చూసి అంతా చదువుతుంది.