యూటిలాలో స్కూబా స్కూల్ ఎలా ఎంచుకోవాలి?

బడ్జెట్ తక్కువ, ఈత అంతంత మాత్రం, హోండురాస్‌లోని యూటిలా దీవిలో ఏ స్కూబా స్కూల్ మంచిది అని అడిగారు కదా. నేను డాలస్ నుంచి వెళ్లి అక్కడే ఓపెన్ వాటర్ కోర్సు (ట్యాంకులోని గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం నేర్పే మొదటి కోర్సు) చేశాను, అదీ ఒక స్కూల్ మధ్యలో వదిలేసి రెండో చోట పూర్తి చేశాను.

ముందు ఒక మాట. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేయకండి. హోండురాస్ తీరంలోని లా సేబాలో ఫెర్రీ ఎక్కి యూటిలాలో దిగితే డైవ్ స్కూళ్లు చాలావరకు ఒకే రోడ్డు వెంట ఉంటాయి, నడుస్తూనే నాలుగైదు చూసేయొచ్చు. ఊళ్లో ఇంగ్లీషు నడుస్తుంది కాబట్టి స్పానిష్ రాదని టెన్షన్ వద్దు. ధరల్లో పెద్ద తేడా ఉండదు, చాలాచోట్ల కోర్సుతో పాటు డార్మ్‌లో మంచం కూడా ఇస్తారు. నేను ఆ మంచం చూసే మొదటి స్కూల్లో చేరాను, అదే పొరపాటు.

అక్కడ ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కి 8 మందిమి. డైవింగ్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ పాడీ (PADI) నిబంధనల ప్రకారం సముద్రంలో అంతమంది ఉండొచ్చు, తప్పేం కాదు. కానీ మాస్క్‌లోకి నీళ్లు రానిచ్చి ముక్కుతో గాలి వదిలి ఖాళీ చేసే పాఠంలో నాకు ఉప్పునీళ్లు ముక్కులోకి పోయి, భయపడి పైకి వచ్చేశాను. వెనక ఐదుగురు వంతు కోసం చూస్తున్నారు, ఇన్‌స్ట్రక్టర్ "తర్వాత చేద్దాంలే" అన్నారు, సాయంత్రం దాకా ఆ తర్వాత రాలేదు. 18 మీటర్ల దాకా దిగే కోర్సు అది, మాస్క్‌లో నీళ్లొస్తే ఏం చేయాలో రాకుండా దిగనని చెప్పి బయటికొచ్చేశాను.

రెండో చోట ఇద్దరమే. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ ఒకావిడ, నన్ను నడుం లోతు నీళ్లలో నిలబెట్టి, మాస్క్ తీయించి, నోట్లో రెగ్యులేటర్ (ట్యాంకు గాలి నోటికి అందించే పరికరం) పెట్టుకుని ముఖం నీళ్లలో ముంచి ఊపిరి తీయమంది, అరగంట పాటు అదే పని. తర్వాత అడుగున ఇసుక మీద మోకాళ్లపై కూర్చున్నప్పుడు ఒక చెయ్యి నా భుజం మీద వేసి, రెండో చెయ్యి మెల్లగా పైకీ కిందికీ కదుపుతూ ఎంత నిదానంగా పీల్చాలో చూపించింది. ఆరోసారికి మాస్క్ మొత్తం ఖాళీ అయింది.

అందుకే స్కూల్ పేరు కాదు, మీకు నేర్పేది ఎవరో కనుక్కుని ఆ మనిషితో పది నిమిషాలు మాట్లాడండి. గ్రూపులో ఎంతమంది, నాకు ఇంకో రోజు పడితే అదనంగా ఎంత, సర్టిఫికెట్ ఫీజు ఇందులోనే ఉందా అని అడగండి. ట్యాంకు తెరిచి గాలి వాసన చూడనివ్వమనండి, నూనె వాసన వస్తే ఆ స్కూల్ వద్దు. పడవలో ఆక్సిజన్ కిట్ ఎక్కడుందో చూపించమనండి, దానికి విసుక్కునేవాళ్ల దగ్గర చేరకండి.

మీ ఈత సంగతి. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, టైమ్ లిమిట్ లేదు, ఆపైన 10 నిమిషాలు నీటి మీద తేలాలి. రెండు నెలలు ముందే పూల్‌కి వెళ్లండి. ఆస్తమా లాంటిది ఉంటే మెడికల్ ఫారం మీద ఇక్కడే డాక్టర్ సంతకం తీసుకోండి. ఆఖరి డైవ్ తర్వాత విమానానికి కనీసం 18 గంటలు వదలాలి, కాబట్టి రిటర్న్ టికెట్ ఒక రోజు ఆలస్యంగా పెట్టుకోండి.