చోర్ బజారుకి వెళ్తున్న మేనకోడలికి

చి. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. ముంబైలో పని ముగిశాక ఒక పూట పాత సామాన్లమ్మే చోర్ బజారు చూస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఇరవై ఏళ్లుగా ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా ఆ బజారులోని మటన్ స్ట్రీట్‌లో తిరుగుతున్నవాణ్ణి, నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

శుక్రవారం దుకాణాలు మూసేస్తారు. ఆ రోజు తెల్లవారకముందే రోడ్డు మీద పట్టాలు పరిచి జుమ్మా బజారు పెడతారు, అది వేరే లోకం. నీకు కావలసిన గడియారాలు, ఓడ లాంతర్లు, కెమెరాలు చూడాలంటే మిగతా రోజుల్లో వెళ్ళు. గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగితే నడిచిపోవచ్చు.

సంచిలో చిన్న టార్చి, భూతద్దం, అయస్కాంతం వేసుకో. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు. అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత. పెద్ద బూరా ఉన్న గ్రామఫోన్లు తళతళలాడుతూ కనబడతాయి. చాలావాటికి పెట్టె కొత్తది, బూరా కొత్తది, మోటారు ఎక్కడిదో. ముచ్చటపడితే కొనుక్కో, పాతదాని ధర మాత్రం పెట్టకు.

రాముడు, సీత, ఆంజనేయుడు ఉన్న ఈస్టిండియా కంపెనీ నాణెం, 1818 నాటిదని చూపిస్తారు. కంపెనీ అలాంటి నాణేలు ముద్రించనే లేదు. మొదటిసారి ఒక దుకాణంలో దానికి రెండు వేలు పోశాను. డబ్బు పోయిన బాధ తగ్గింది గానీ, ఎవర్నీ అడగకుండా కొన్నానన్న బాధ ఇంకా ఉంది.

నా ప్రాణమంతా పాత గ్రామఫోను ప్లేట్ల మీదే. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేట్లు లక్కతో చేసినవి, పింగాణీలా పగులుతాయి. కొనేముందు వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడు. సూది నడిచే గాళ్ళు నల్లగా నిగనిగలాడితే మంచిది, బూడిదరంగుకి తిరిగితే సూది అరగదీసిందన్నమాట. తర్వాత మధ్య చిల్లులో వేలు పెట్టి వేలాడదీసి, అంచు మీద గోటితో మెల్లగా తట్టు. ఖంగుమంటే సరే. బొంగురుగా పలికితే కంటికి కనబడని పగులు ఉంది. ఒకసారి హిందీ ప్లేట్ల దొంతరలో అడుగున ఘంటసాల పద్యాల ప్లేటు దొరికింది నాకు. రెండు అట్టల మధ్య పెట్టి, రైల్లో రాత్రంతా ఒళ్ళో నిలబెట్టుకుని తెచ్చాను. నువ్వూ అలాగే తేవాలి, పెట్టెలో వెయ్యకు, ఎండలో పెట్టకు.

బేరంలో తొందర వద్దు. నచ్చినదాన్ని పక్కన పెట్టి, ముందు వేరేదాని ధర అడుగు. చెప్పినదాంట్లో సగానికి తక్కువ నుంచి మొదలుపెట్టు. కానీ నువ్వు అడిగిన ధరకి దుకాణదారు ఒప్పుకున్నాక వద్దని నడిచి రావద్దు. పొద్దున్న బోణీ వేళ అలా చేస్తే ఆయన మనసు కష్టపెట్టినట్టే.

అమెరికాలో అన్నయ్యకి పాత విగ్రహం పంపాలని ఉందట నీకు. ఆ ఆలోచన మానుకో. 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాల్ని, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతుల్ని మనం దేశం దాటించకూడదు. పైగా అది ఏ గుడిలోంచి ఊడబెరికిందో ఎవరికి తెలుసు తల్లీ?

తెలుగు ప్లేటు ఏదైనా కనబడితే వెంటనే ఫోన్ చెయ్యి. లేబుల్ రెండువైపులా చదివి వినిపించు.

మీ మామయ్య