మీరడిగారు: శరణార్థి ఊరు చేరిన తరువాత

ప్రశ్న: గోదావరికి వరద వచ్చినప్పుడల్లా లంకల వారిని మా ఊరి బడిలోకో తుఫాను షెల్టరులోకో తరలించి, నీరు తీసేవరకు భోజనం పెడుతున్నాం. పరదేశం నుంచి వచ్చిన శరణార్థులకు నగరాలు చేయవలసినదీ ఇదే కదా? దీని మీద ఇంత చర్చ ఎందుకు?
– ఒక పాఠకుడు, ముమ్మిడివరం

జవాబు: తేడా అంతా ఆ నీరు తీయడంలోనే ఉంది. షెల్టరు గుమ్మంలో వీఆర్వో పేరు రాసుకునే లంకవాసికి రేషన్ కార్డు, ఓటు, ఇంటి నంబరు ఆ మండలంలోనే ఉంటాయి. వరద తగ్గగానే అతడు పడవెక్కి వెళ్లి, అరుగు మీద పేరుకున్న ఒండ్రును పారతో ఎత్తిపోసుకుంటాడు. శరణార్థికి తిరుగు ప్రయాణపు తేదీ ఉండదు. జాతి, మతం, రాజకీయాభిప్రాయం వంటి కారణాల వల్ల తనను హింసిస్తారన్న సహేతుకమైన భయంతో దేశం విడిచినవాడిని 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం శరణార్థి అంటుంది. ఆ గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకొని ఎదురుచూస్తున్నవాడు ఆశ్రయార్థి. ఆ ఎదురుచూపు ఏళ్ల తరబడి సాగవచ్చు. గుర్తింపు ఇచ్చేది సాధారణంగా దేశ ప్రభుత్వం. ఈలోగా అద్దె ఇల్లు, ఆసుపత్రి, పిల్లల బడి, కూలి పని అన్నీ వెతుక్కోవలసింది మాత్రం నగరంలో.

అందుచేత అన్నం కంటే ముందు చూడవలసినవి కాగితం, పని అని నా అభిప్రాయం. ఇంగ్లండులోని షెఫీల్డ్ 2007లో ఆ దేశపు తొలి ఆశ్రయ నగరంగా, అంటే శరణు కోరి వచ్చినవారిని ఆదరిస్తామని మాటిచ్చిన ఊరుగా పేరు పొందింది; అయితే అక్కడ ఆశ్రయార్థికి పని చేసే అనుమతి లండన్‌లోని దేశ ప్రభుత్వం చేతిలో ఉంది, ఏడాది నిరీక్షించనిదే దానికి దరఖాస్తు చేసుకునే వీలు కూడా సాధారణంగా ఉండదు. ఎంత ఆదరించే ఊరైనా చేతులు కట్టేసిన మనిషిని తనలో కలుపుకోవడం కష్టం. సంపన్న దేశం కాని ఉగాండా 2006 చట్టంతో శరణార్థులకు పని చేసుకునే హక్కును, దేశంలో తిరిగే స్వేచ్ఛను ఇచ్చింది కనుక, కంపాలాలో వారు శిబిరపు రేషన్ మీద కాక సొంత సంపాదన మీద బతకడానికి ప్రయత్నించగలుగుతున్నారు. న్యూయార్క్ నగరం వలస హోదాతో నిమిత్తం లేకుండా 2015 నుంచి తన సొంత గుర్తింపు కార్డు ఇస్తోంది. దానితో దేశంలో ఉండే హక్కు రాదు, పోలీసుకో బడిలోనో చూపించడానికి పేరు, ఫొటో ఉన్న కార్డు ఒకటి చేతికి వస్తుంది.

మన డెల్టాకు ఇది కొత్త కథ కాదు. కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువారిని కోరంగీలు అన్నారు. 1942లో జపాను సేనలు రంగూన్ చేరినప్పుడూ, 1960లలో సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసినప్పుడూ తిరిగివచ్చిన వారిని మన పెద్దలు కాందిశీకులు అనేవారు. చట్టం లెక్కన వారిలో చాలామంది స్వదేశానికి వచ్చినవారే, అయినా వారికీ ఒక చిరునామా కావలసి వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్నది ఇప్పటికీ ఒక పేట పేరు.

ప్రశ్న: ఆ ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదంటారు. అయితే ఇక్కడి శరణార్థికి రక్షణే లేదా?
– ఒక విద్యార్థిని, యానాం

జవాబు: సంతకం చేయలేదు; శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. అయినా అప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి శరణు కోరి అరుణాచల్‌కు వచ్చిన చక్మాల కేసులో సుప్రీంకోర్టు 1996లో, జీవించే హక్కు పౌరులకే కాక దేశంలోని ప్రతి మనిషికీ వర్తిస్తుందని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరి గురించి మాట్లాడుతుంది, వయసు రుజువు లేదని ప్రవేశం నిరాకరించరాదంటుంది. చిక్కు సాధారణంగా బడి గుమస్తా ఆధార్ అడిగిన చోట మొదలవుతుంది.