అల్లుడూ, బటన్ నొక్కేముందు ఒక్కసారి కెమెరా వంక చూడు

ఒరే అల్లుడూ,

అన్నవరంలో పెళ్ళి ఆర్డర్ పట్టావట, అదీ నా వెనకాల లైటు పట్టుకుని కాకుండా ఒక్కడివే వెళ్తున్నావట, నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ముహూర్తం రాత్రి రెండు దాటాకట కదా, ఆ మాట వినగానే నాకు నిద్ర పట్టలేదు. ఫోటోలు తీయడం నీకు రాదని కాదు, నాకంటే బాగా తీస్తావు. కానీ అర్ధరాత్రి రెండింటికి, పొద్దుటినుంచి నిలబడ్డ కాళ్ళతో ఉన్నప్పుడు మన చేతికి ఏం గుర్తుండదు. అందుకే రాస్తున్నా.

ముందు నా బాగోతం ఒకటి చెప్తాను, ఇది మీ అత్తయ్యకి కూడా పూర్తిగా తెలీదు. 1991లో నా దగ్గర పెంటాక్స్ కె1000 ఉండేది. ఆ కెమెరాకి షట్టర్ స్పీడు, అంటే వెలుతురు లోపలికి వచ్చే టైము, సెకనులో అరవయ్యో వంతు (1/60) కంటే వేగం దాటితే ఫ్లాష్ పనికిరాదు, ఫ్లాష్ వెలిగే టైముకి లోపలి గుడ్డ తెర సగం ఫిల్మును కప్పేసి ఉంటుంది. ఒక పెళ్ళిలో పొద్దున పెళ్ళికొడుకుని చేసినప్పుడు ఎండలో 1/125లో పెట్టి తీశా. రాత్రి ఫ్లాష్ గన్ తగిలించి, డయల్ వంక చూడకుండా అలాగే రోలంతా కొట్టేశా. ప్రింట్లు వచ్చాక చూస్తే ప్రతి ఫోటోలోనూ పెళ్ళికొడుకు దివ్యంగా ఉన్నాడు, పెళ్ళికూతురు ఉండాల్సిన చోట చీకటి. వాళ్ళ నాన్నగారు ఒక్క మాట అనలేదు, ఆల్బమ్ మూసి పక్కన పెట్టేశారు. తిడితే బాగుండేది.

అప్పట్నుంచి నేను నమ్మేది ఒకటే. కెమెరా నువ్వు ఎక్కడ వదిలేశావో అక్కడే ఉంటుంది. వెలుతురు మారింది, చోటు మారింది, తంతు మారింది, అదేమీ దానికి పట్టదు. పోయిన ఫోటోల్లో ముప్పాతిక వంతు, ఇంతకుముందు ఫోటోకి పెట్టిన సెట్టింగ్ తీయకపోవడం వల్ల పోయినవే, నా అనుభవంలో.

నీ కెమెరాలో ఫ్లాష్‌ని నేరుగా పైన తగిలిస్తే షట్టర్ స్పీడు హద్దు దాటకుండా అదే ఆపుతుంది, నిజమే. కానీ పక్కన స్టాండ్ మీద లైటు పెట్టి మామూలు ట్రిగ్గర్‌తో వెలిగించావనుకో, చాలా ట్రిగ్గర్లు కెమెరాకి ఏమీ చెప్పవు. 1/200 దగ్గర ఉండాల్సింది 1/500లో ఉండిపోతే అదే నల్ల పట్టీ, ముప్పై ఏళ్ళ తర్వాత కూడా. కాబట్టి ఎండలోంచి పందిట్లోకి వచ్చిన ప్రతిసారీ షట్టరు, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పేది), వైట్ బ్యాలెన్స్ (ఏ లైటులోనైనా తెలుపుని తెలుపుగా చూపించేది), ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగు పెంచే, తగ్గించే ప్లస్-మైనస్ డయల్) ఈ నాలుగూ చూసుకో. ఆ చివరిది మరీ దొంగది, బ్యాగులో రాసుకుని దానంతటదే తిరిగిపోతుంది. దీపం దగ్గరగా తీయడానికి లెన్స్ మీద ఫోకస్ మీట మాన్యువల్‌కి జరిపావా, వెంటనే వెనక్కి పెట్టు. గ్రూప్ ఫోటోలో నువ్వూ ఉండాలని టైమర్ పెట్టావా, అదీ తీసెయ్. మన దగ్గర పనిచేసిన కుర్రాడొకడు మూడు ముళ్ళ టైములో నొక్కితే కెమెరా తీరిగ్గా పది సెకన్లు ఎర్రలైటు మిణుకుమంటూ లెక్కపెట్టింది.

ఇప్పుడు ఎల్ఈడీల సంగతి. ఇది నా కాలంలో లేని తలనొప్పి, నీ దగ్గరే నేర్చుకున్నాననుకో. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే నాసిరకం లైటు సెకనుకి వందసార్లు వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. కంటికి తెలీదు. 1/500లో తీస్తే మాత్రం ఒక ఫోటో వెలుగ్గా, తర్వాతది డల్‌గా, ఇంకోదాంట్లో మొహం మీద చారలు. 1/100, 1/50 దగ్గర ఆ గోల చాలావరకు ఉండదు. సైలెంట్ షట్టర్ అయితే పందిట్లో అసలు వాడకు, చారలు ఎక్కువయ్యేది దాంతోనే. వెనకాల ఎల్ఈడీ వాల్ ఉంటే దాని లెక్క వేరు, అది ఏ స్పీడుకి లొంగుతుందో తీసి చూస్తేగానీ తెలీదు. అందుకని జనం రాకముందే ఖాళీ పందిట్లో తమ్ముణ్ణి పీటల మీద కూర్చోబెట్టి నాలుగైదు స్పీడుల్లో పదేసి ఫోటోలు తీసి, స్క్రీన్ మీద జూమ్ చేసి చూడు. తలంబ్రాలకి బియ్యం గాల్లో ఆగాలంటే 1/100 చాలదు, అక్కడికి ఫ్లాష్‌ని నమ్ముకో, లేదా నీ కెమెరాలో యాంటీ ఫ్లికర్ (లైటు మిణుకుని చూసుకుని క్లిక్‌మనే ఆప్షన్) ఉంటే ఆన్ చెయ్.

ఆ గులాబీ, నీలం లైట్లు మొహాల మీద పడితే రా ఫైల్‌గా (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ఫోటో) తీసినా ఏ సాఫ్ట్‌వేరూ మనిషి రంగు వెనక్కి తేలేదు. లైటింగ్ కుర్రాణ్ణి ముందే పలకరించి టీ ఇప్పించు, జీలకర్ర బెల్లం మొదలు తాళి కట్టేదాకా తెల్ల లైటే ఉంచమను. నాకు తెలిసి ఇంత చవకైన ఎడిటింగ్ లేదు.

మధుపర్కాల్లోకి మారాక ఫ్రేమంతా తెలుపు, కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు భయపడి ఫోటోని నల్లగా చేస్తుంది, కొంచెం ప్లస్ ఇవ్వు. రిసెప్షన్‌లో నల్ల సూటు వేసుకుంటే దానికి రివర్సు, మొహం తెల్లగా పాలిపోతుంది, మైనస్ చెయ్. అయిపోగానే సున్నాకి తెచ్చెయ్, మళ్ళీ చెప్పించుకోకు.

ఎక్కడ నిలబడాలన్నది సెట్టింగుల కన్నా పెద్ద విషయం. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి ఉంటాయి, తప్పు పక్కన నిలబడితే మోచేతులే వస్తాయి, మొహాలు రావు. పంతులుగారి దగ్గరికి ముందే వెళ్ళి, నమస్కారం పెట్టి, ఆయన ఏ పక్క కూర్చుంటారు, అడ్డుతెర ఎప్పుడు తీయిస్తారు అడుగు. రెండు నిమిషాల ముందు ఒక్క కేక వెయ్యమంటే కాదనరు. వీడియో కుర్రాడితో కూడా పక్కలు పంచుకో, లేకపోతే నీ ప్రతి ఫోటోలోనూ వాడి వీపే. గట్టిమేళం మొదలయ్యాక ఎవరికీ ఏమీ వినపడదు.

కంటికి కెమెరా పెట్టాక పెళ్ళికూతుర్ని చూసేముందు నాలుగు మూలలూ చూడు. నీళ్ళ బాటిళ్ళు, తల వెనక మొలిచిన పైపు, ఎవరిదో చెప్పుల కవరు. బాటిళ్ళు ముందే తీయించెయ్, ముహూర్తం టైములో తీయిస్తే పెద్దవాళ్ళకి కోపం వస్తుంది, న్యాయమే. ఇంకోటి, రెండో ముడి దగ్గర పెళ్ళికొడుకుని ఆపి "సార్, ఇటు చూడండి" అనకు. అది వాళ్ళ పెళ్ళి, మన షూటింగ్ కాదు. దొరికింది తీసుకో. గుళ్ళోకి వెళ్తే గర్భాలయం వైపు కెమెరా ఎత్తొద్దు, మిగతా చోట్ల కూడా ముందు అడిగి తియ్.

ఇంట్లో చేసుకోవాల్సినవి త్వరగా చెప్తా. పాత పెళ్ళి ఫోటోలు రెండు చోట్ల కాపీ అయ్యాకే కార్డులు ఫార్మాట్ చెయ్, అదీ కెమెరాలోనే. కార్డు లేకపోయినా క్లిక్‌మనే ఆప్షన్ ఒకటి ఉంటుంది, షాపులో డెమో కోసం తప్ప ఎందుకూ పనికిరాదు, ఆపెయ్. రెండు కెమెరాల్లోనూ గడియారం ఒకే టైముకి పెట్టు, నాలుగు నిమిషాలు తేడా ఉన్నా కంప్యూటర్‌లో వరస పెట్టేసరికి తాళి కట్టకముందే తలంబ్రాలు వస్తాయి. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ బయటికి తీస్తే చెమ్మ పట్టేస్తుంది, తుడిచినా మళ్ళీ పడుతుంది, బ్యాగు జిప్ తీయకుండా అరగంట బయట ఉంచు. నువ్వు భోజనం కూడా ముందే చెయ్, పెళ్ళయ్యాక చేద్దామంటే నీ వంతుకి పెరుగన్నమే మిగులుతుంది.

నా పెద్ద ఫ్లాష్ కూడా పట్టుకెళ్ళు, స్పేర్‌గా ఉంటుంది. అత్తయ్య దగ్గర బీరువాలో ఉంది, మొన్నే వెలిగించి చూశా. సెల్స్ మాత్రం అందులో లేవు, కారిపోతాయని తీసేశా, కొత్తవి ఎనిమిది కొనుక్కో. వచ్చేటప్పుడు నా గొడుగు కూడా తీసుకురా, పోయిన పెళ్ళిలో నీ బ్యాగులోనే ఉండిపోయింది.

మీ మావయ్య