అమ్మలూ, ముందు సాగర్ నగర్ ఇసుక మీద నడువు

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్లో చెబితే మీ అమ్మ స్పీకర్ పెట్టిస్తుంది, సగంలో మీ నాన్న అందుకుంటాడు, అసలు సంగతి పక్కకి పోతుంది. అందుకని రాస్తున్నాను.

కోస్టారికా వెళ్లి సముద్ర తాబేళ్ల కోసం పనిచేస్తానన్నావు. వెళ్లొద్దని నేననను. నేనూ ఆ పిచ్చితోనే ఊళ్లు తిరిగినదాన్ని. కానీ ముందు క్యాలెండర్ చూసుకో. అక్కడి టోర్టుగేరో తీరానికి ఆకుపచ్చ తాబేళ్లు ఎక్కువగా జూలై నుంచి అక్టోబరు దాకా వస్తాయి. ఆర్చీ కార్ అనే ఆయన 1950ల్లో అక్కడ మొదలుపెట్టిన తాబేళ్ల పని ఇప్పటికీ నడుస్తోంది, చూడాల్సిన చోటే. అయితే ఆ నెలల్లో నీకు క్లాసులుంటాయి. నీకు సెలవులు మే, జూన్‌లలో. వాటికి సరిపోయేది గ్రీస్. అక్కడ లాగర్‌హెడ్ తాబేళ్లు మే చివర్లో మొదలుపెట్టి ఆగస్టు దాకా గుడ్లు పెడతాయి. ఆర్కెలాన్ అనే సంస్థ 1983లో పుట్టింది. జకింథోస్ దీవిలో, కిపారిసియా తీరంలో తాబేళ్ల పని ఎక్కువగా వాలంటీర్ల చేతుల మీదుగానే నడిపిస్తుంది. టెంట్లలో ఉండాలి, వంతులవారీగా వండుకోవాలి, తెల్లవారుతూనే ఇసుక మీద మైళ్లకి మైళ్లు నడవాలి. ఫీజు కూడా మనమే కట్టాలి. "పని చేసేదీ మనమే, డబ్బులు కట్టేదీ మనమేనా?" అని మీ నాన్న అంటాడు, నాకు తెలుసు. క్యాంపు ఖర్చు ఎక్కడినుంచో రావాలి కదా. అందులో తప్పు లేదు.

తప్పు ఎక్కడుంటుందో చెబుతాను. నాకు 23 ఏళ్లప్పుడు ఒక ఏజెంటు మాటలు నమ్మి, చేతి గాజులు తాకట్టు పెట్టి మరీ శ్రీలంకలో ఒక హేచరీకి, అంటే తాబేలు గుడ్లు పొదిగించే చోటికి, వెళ్లాను. పేరెందుకులే. అక్కడ చూస్తే, పుట్టిన పిల్లల్ని సిమెంటు తొట్టెల్లో రోజుల తరబడి ఉంచి, వచ్చిన టూరిస్టుల చేతుల్లో పెట్టి ఫొటోలు తీయిస్తున్నారు. గుడ్డులోంచి బయటపడ్డ పిల్లకి కడుపులో మిగిలిన పచ్చసొనే దారిబత్తెం. ఆ బలంతోనే మొదటి రోజు ఆగకుండా ఈది లోతు నీళ్లకి చేరాలి. ఆ కాస్తా తొట్టె గోడలకి కొట్టుకుంటూ ఖర్చయిపోతే సముద్రంలో వదిలేనాటికి ఏం మిగులుతుంది? నేనూ రెండు రోజులు వాటిని అరచేతిలో పెట్టుకుని నవ్వుతూ ఫొటోలు దిగాను. ఆ ఫొటోలు ఎవరికీ చూపించలేదు.

కాబట్టి డబ్బు కట్టేముందు అడుగు. పిల్లలు బయటికొచ్చిన ఎంతసేపటికి వదులుతారు? పనికి ప్రభుత్వ అనుమతి ఉందా? మీరు రాసుకునే లెక్కలు ఎవరికి పంపుతారు? నా ఫీజులో ఆ ఊరివాళ్లకి చేరేదెంత? నీళ్లు నమిలితే వదిలెయ్. "తాబేలు పిల్లల్ని ఎత్తుకోవచ్చు" అని ప్రకటనలోనే రాసుకున్న చోటికి అసలు పోవద్దు.

ఇక నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట. అంత దూరం వెళ్లేముందు ఒక్క సీజన్ మన విశాఖ ఇసుక మీద నడువు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు సాగర్ నగర్, జోడుగుళ్లపాలెం, ముత్యాలమ్మపాలెం ఒడ్డులకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఎంవీపీ కాలనీలో పుట్టి పెరిగావు, ఒక్కసారైనా చూశావా? ఒక్కొక్కటి నూరు పైచిలుకు గుడ్లు పెడుతుంది. అటవీశాఖ వాళ్లు మత్స్యకారుల చేత వాటిని తీయించి, కంచె వేసిన హేచరీలో పాతిస్తారు. లేకపోతే కుక్కలు మిగల్చవు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి. గూట్లో ఇసుక దాదాపు 29 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆడవి ఎక్కువ పుడతాయి, చల్లగా ఉంటే మగవి. ఈ మాట మీ నాయనమ్మకి చెబితే, "అయితే మన ఎండలకి అన్నీ ఆడపిల్లలే" అని నవ్వింది.

ఇక్కడ నేర్చుకున్నది గ్రీస్‌లో పనికొస్తుందా అంటావు. రిడ్లే అయినా లాగర్‌హెడ్ అయినా కుడి ఎడమలు మార్చి మార్చి వేస్తూ పాకుతుంది. ఆకుపచ్చ తాబేలు ముందుకాళ్లు రెండూ ఒకేసారి వేస్తుంది. జాడ చూసి ఏ తాబేలో, గుడ్లు పెట్టిందో ఉత్తినే తిరిగిపోయిందో చెప్పగలిగితే మొదటి రోజు నుంచే నువ్వు వాళ్లకి పనికొచ్చే మనిషివి. గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోనే తీయాలి, పైది కిందికి తిప్పకూడదు. పిండం పెంకు లోపలి పొరకి అంటుకున్నాక తిప్పితే చచ్చిపోతుంది. ఎం.ఎస్సీ.లో ఇది చదివి పరీక్ష రాశాను. జోడుగుళ్లపాలెంలో ఒక పెద్దాయన ఏ పుస్తకమూ చదవకుండానే అలా తీసి చూపించాడు. అలాంటివాళ్ల ముందు మన చదువు విప్పకు, పక్కన కూర్చుని చూడు.

ఏ బ్రోచర్లోనూ ఉండని మాట ఇంకొకటుంది. నడిచినన్నాళ్లూ బతికినవాటికన్నా చచ్చి ఒడ్డుకొచ్చినవే ఎక్కువ కనపడొచ్చు. అవి గాలి పీల్చే జీవులు, ట్రాల్ వలలో పడితే పైకి రాలేక ఊపిరాడక పోతాయి. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, అప్పటికి తాబేళ్ల సీజన్ చాలావరకు అయిపోతుంది. వలలోంచి తాబేలు బయటపడేలా టెడ్ అనే పరికరం బిగించొచ్చు. తాబేలుతో పాటు తాము పట్టిన చేపలు కూడా కొన్ని పోతాయని బోటువాళ్ల బాధ. టెడ్ వాడని దేశాల రొయ్యలు కొనబోమని అమెరికా అంటే, మన దేశం మరో మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లింది, 1998లో తీర్పు వచ్చింది. ఒక తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వాళ్ల మాట కూడా విను. విన్నాక నీకు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియదు. నాకిప్పటికీ తెలియదు.

మిగతావి చిన్న విషయాలు. వాలంటీర్ పనికి ఏ వీసా కావాలో ఎంబసీనే అడుగు, టూరిస్టునని అబద్ధం రాయకు. ఇన్సూరెన్స్ తీసుకో. ఆవకాయ సంగతేమో గానీ నెయ్యి సీసా మాత్రం సర్దకు, యూరప్‌లోకి బయటి పాల పదార్థాలు రానివ్వరు.

రేపే అటవీశాఖ ఆఫీసులో పేరిచ్చుకో. రిడ్లే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి, అనుమతి లేకుండా గుడ్డు తీస్తే కేసే. వాళ్లు సరేనంటే ముక్కనుమ మర్నాడు రాత్రి పదింటికి సాగర్ నగర్ దగ్గర ఉంటాను. ముదురు రంగు బట్టలు వేసుకో, ఫోన్ టార్చ్ వెయ్యకు, ఎర్ర కాగితం చుట్టిన టార్చ్ నేను తెస్తాను. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ పెద్దత్త