ముక్కలు మార్చొద్దు, లైనంతా మార్చండి

35 ఏళ్ల ఇల్లు, పొద్దున్నే కుళాయి తిప్పితే ఎర్రనీళ్లు, బాత్‌రూమ్‌లో సన్నధార, కారుతున్న చోట ముక్క మారిస్తే చాలంటున్న ప్లంబర్. మీరు రాసింది చదవగానే మా అమ్మావాళ్లిల్లు గుర్తొచ్చిందండీ. దయచేసి ముక్క మార్చి ఊరుకోకండి. జీఐ పైపు అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు; లోపలి పూత అరిగిపోయాక తుప్పు ఒక్కచోట ఆగదు. మేం ఒకచోట అతుకు వేయిస్తే కొన్నాళ్లకు ఇంకోచోట కారింది. కోసి చూస్తే అరంగుళం పైపులో పెన్సిల్ పట్టేంత సందే మిగిలింది.

ముందు ట్యాంకులో నీళ్లు చూడండి. అక్కడ తేటగా ఉండి కుళాయిలో ఎర్రగా వస్తే తప్పు పైపులదే. వేడినీళ్లలో మాత్రమే ఎరుపుంటే గీజర్ ట్యాంకు చూపించండి.

కొత్త లైను సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపుతో వేయించండి, వేడినీళ్లకు తట్టుకుంటుంది. మామూలు పీవీసీ గీజర్ లైనుకు పనికిరాదు. గోడలన్నీ పగలగొట్టక్కర్లేదు. పాత పైపును గోడలోనే వదిలేసి, కొత్తది బయటి గోడ మీదుగా తెచ్చుకోవచ్చు. ఎండ తగిలేచోట రంగు వేయించండి. గోడలో పైపు కోసం కొట్టిన గాడి పూడ్చేముందు ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడితో నీళ్లు నింపి ఎక్కడైనా కారుతుందేమో చూడటం) చేయించకుండా మేస్త్రీని సిమెంటు కలపనివ్వకండి.

అన్నిటికంటే ముఖ్యం: పాత ఇళ్లలో కొన్నిచోట్ల కరెంటు ఎర్తింగును నీళ్ల పైపుకే కట్టేవారు. ప్లాస్టిక్ పైపు పడితే ఆ ఎర్త్ పోతుంది, గీజర్‌తో ప్రాణాపాయం. పని మొదలుపెట్టకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి.